కదిలితే ఏం పోయింది?

"కదలకండి!"

ఈ ఒక్క మాట వినకుండా ఫొటో దిగినవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? పెళ్ళిపీటల మీద విన్నాం. సీమంతం కుర్చీలో విన్నాం. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, స్టూడియోలో ఆ గొడుగు లైటు ఎదుట చెమటలు కక్కుతూ విన్నాం. ఆఖరికి ఆధార్ కార్డు కోసం వెళ్ళినా అదే మాట. "కదలకండమ్మా, గడ్డం కాస్త దించండి... ఆఁ, అంతే!" ఊపిరి బిగబట్టి, పెదాలు బిగించి, కళ్ళు మిటకరించి కూర్చుంటాం. తీరా ఫొటో చేతికొచ్చాక చూసుకుంటే అందులో ఉన్నది మనం కాదు. మన పోలికలున్న మరెవరో ఒకావిడ, తెలియని ఊళ్ళో ఆఖరి బస్సు తప్పిపోయినట్టు, మన చీర కట్టుకుని కూర్చుని ఉంటుంది.

అలాంటిది, కదిలిపోయిన ఫొటోలే ఏరికోరి పెద్దవి చేయించి, డాబా మీద బట్టలారేసే దండేనికి క్లిప్పులు పెట్టి వరసగా వేలాడదీసి, వీధిలో ఆడవాళ్ళందర్నీ కాఫీకి పిలిచిన అమ్మాయిని ఏమనాలి?

మా వీధి చివరింటి అమ్మాయి అదే చేసింది. ఇంజనీరింగు చదివింది, ఉద్యోగం చేస్తోంది, శనాదివారాలు కెమేరా మెళ్ళో వేసుకుని తిరుగుతుంది. మాది ఏ.ఎస్. రావు నగర్. 1967లో ఇ.సి.ఐ.ఎల్. పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరు పెట్టుకున్న కాలనీ. ఆ సంస్థ ఉద్యోగుల కుటుంబాలు కట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. మా మామగారూ అక్కడే పనిచేశారు. ఆయన తరం వాళ్ళు టీవీ తయారుచేసి దేశానికి బొమ్మ చూపించారు. తెరమీద బొమ్మ కాస్త వణికితే చాలు, లేచి వెళ్ళి మీట తిప్పి సరిచేసేదాకా నిద్రపోయేవారు కారు. అటువంటి వాళ్ళ వీధిలో వణికిన బొమ్మల ప్రదర్శన! చూడక తప్పుతుందా?

మొత్తం ఇరవైనాలుగు ఫొటోలు. అన్నీ దసరాకూ కార్తీక పౌర్ణమికీ మధ్య, సాయంత్రం చీకటి పడ్డాక తీసినవి. ఒక్కదానికీ ఫ్లాష్ లేదు. ఒక్కరికీ ముందుగా చెప్పలేదు.

మా వీధి వాళ్ళ అభిప్రాయాలు ఎలా ఉంటాయో మీరూహించగలరు. "అయ్యో, ఇన్ని చెడిపోయాయా పాపం!" అంది ఒకావిడ. "కెమేరా కిందపడిందా తల్లీ?" అంది ఇంకొకావిడ. నేను మాత్రం ఏమీ అనలేదు. నాకు తెలుసు, ఆ ఇరవైనాలుగింటిలో పదిహేడోది మా అత్తయ్యగారు. ఆవిడ మాఘమాసంలో పోయారు. అందుకని నేనిక్కడ రాస్తున్నది ఏ సంబంధమూ లేని విమర్శకురాలి మాట అనుకోకండి. కాకపోతే, దుఃఖం కళ్ళకి అడ్డం రాకుండా చూసుకోడానికి ఆ డాబా మెట్లు మూడు ఆదివారాలు ఎక్కి దిగాను.

* * *

ముందు, ఫొటో ఎందుకు కదులుతుందో చూద్దాం. ఆ అమ్మాయి నాకు చెప్పింది నా వంటింటి భాషలో చెబుతాను.

వెలుతురంటే కుళాయి నీళ్ళనుకోండి. ఫొటో అంటే గిన్నె నిండడం. మిట్టమధ్యాహ్నం ధార జోరుగా ఉంటుంది, కుళాయి అలా తిప్పి ఇలా కట్టేస్తే చాలు, గిన్నె నిండుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఎదుటివాడు పరుగెడుతున్నా శిలలా పడతాడు. దీపం ముందు, గుడ్డి బల్బు కింద ధార వేసవికాలపు మునిసిపల్ కుళాయే. బొట్లు బొట్లుగా వస్తుంది. అప్పుడు మూడు దారులున్నాయి. కుళాయి నోరు పెద్దది చెయ్యొచ్చు. అంటే లెన్సు కన్ను బాగా తెరవడం. గిన్నెను చిన్నది చెయ్యొచ్చు. అంటే కొద్ది వెలుతురుకే స్పందించే ఫిల్మో, ఇప్పటి కెమేరాలో ఆ మీటో పెట్టడం. దానికి ఫొటో రవ్వనూకలా గరుకుగా వస్తుంది. ఈ రెండూ అయ్యాక కూడా చాలకపోతే మూడోది, కుళాయి ఎక్కువసేపు విప్పి ఉంచడం. అదే షట్టరు నెమ్మదిగా తెరుచుకుని మూసుకోవడం. సెకండులో అరవయ్యో వంతు కాకుండా, పదిహేనో వంతు, ఎనిమిదో వంతు, ఒక్కోసారి సగం. ఆ తెరుచుకున్న కాసేపట్లో ఏది కదిలితే అది ఫొటోలో చారై సాగుతుంది.

ఇక్కడ మనం కలిపేసుకునే రెండు సంగతులున్నాయి. తీసేవాళ్ళ చెయ్యి వణికితే ఫొటో మొత్తం వణుకుతుంది. గోడ, గడియారం, మనిషి, అన్నీ ఒకే వైపుకి సాగుతాయి. అది చెడిపోయిన ఫొటో. అందులో సందేహం లేదు. కెమేరా నిలకడగా ఉండి, ఎదుటి మనిషి కదిలితే మాత్రం గోడ గోడలా, తలుపు తలుపులా ఉండి, ఆ కదిలిన చెయ్యో, కొంగో మాత్రమే సాగుతుంది. మొదటిది తీసిన మనిషి తడబాటు. రెండోది దిగిన మనిషి బతుకు. రెండింటినీ ఒకే గంపలో వేసి "షేక్ అయింది" అని పారేస్తూ వచ్చాం మనం.

అలా పారేయడానికి కారణం కూడా ఉంది లెండి. మా మామగారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమేరా ఉండేది. రోలుకి పన్నెండు ఫొటోలు. ఆ పన్నెండూ సంక్రాంతికి రెండు, పిల్లల పుట్టినరోజులకి నాలుగు, తిరుపతికి మిగతావి అని బడ్జెట్టు వేసుకోవలసిందే. కడిగించాలి, ప్రింటు వేయించాలి. పన్నెండింటిలో ఒకటి కదిలిందంటే పన్నెండో వంతు డబ్బు నీళ్ళపాలు. అందుకే "కదలకండి!" అన్నది కళాసూత్రం కాదు, పొదుపు సూత్రం. ఫిల్ము రోలు పోయింది, ఖర్చు భయం పోయింది. ఆ మాట మాత్రం మన నోట్లో అలాగే మిగిలిపోయింది.

* * *

ఇంకా వెనక్కి వెళితే ఇది పొదుపు కూడా కాదు, గత్యంతరం లేకపోవడం. 1838లో డగేర్ అనే ఫ్రెంచాయన పారిస్‌లో ఓ రద్దీ వీధిని మేడమీంచి ఫొటో తీశాడు. జనం, గుర్రబ్బళ్ళు కిటకిటలాడే వీధి. ఫొటోలో ఒక్క పురుగు లేదు! ఎక్స్‌పోజర్ నిమిషాలకొద్దీ పట్టడంతో కదిలిన వాళ్ళంతా ఆనవాలు లేకుండా మాయమైపోయారు. మిగిలింది ఓ మూల బూట్లకి పాలిష్ వేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ మనిషి ఒక్కడే. ఆ రోజు ఆ వీధిలో పనుల మీద పరుగెత్తిన వాళ్ళెవరూ చరిత్రలో లేరు. ఆగినవాడే ఉన్నాడు. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. మన ఆల్బములు తిరగేసి చూడండి. కుర్చీల్లో కూర్చున్న వాళ్ళు ఎందరు, పొయ్యి దగ్గర తిరుగుతున్న వాళ్ళు ఎందరు?

మన ఊరి సంగతే చూద్దాం. లాలా దీన్‌దయాళ్ 1880లలోనే సికిందరాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా చేసుకుని, రాజా బిరుదిచ్చారు. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే ఫొటో తీసే చోటు, మన జంటనగరాల్లో, నూటముప్ఫై ఏళ్ళ కిందట! గర్వపడవలసిన విషయమే. ఆ స్టూడియో వారి గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. దర్బారు చిత్రాల్లో జరీ అంచు పోగులు లెక్కపెట్టుకోవచ్చు. అంత స్పష్టం. ఆ స్పష్టతకి వెల ఏమిటంటే నిశ్చలత. ఆ కాలపు స్టూడియోల్లో తల కదలకుండా మెడ వెనక ఇనుప ఊత పెట్టడం కూడా మామూలే. హోదా చూపించాలంటే కదలకూడదు. రాజుగారు కదలరు, రాణిగారు కదలరు. కదిలేది నౌకర్లు. దీన్‌దయాళ్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఆయన పని కొలువును కొలువులా చూపించడం, ఆ పని ఆయనలా చేసినవారు అరుదు. కాని మన స్టూడియో ఫొటోలు ఆ దర్బారు ధోరణినే నూరేళ్ళకు పైగా అనుకరించాయని నా అనుమానం. రాజ్యం లేకపోయినా రాణుల్లా బిగుసుకు కూర్చోవడం నేర్చుకున్నాం.

అదే శతాబ్దంలో ఒకావిడ ఎదురీదింది. జూలియా మార్గరెట్ కామెరన్. 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. తర్వాత ఇంగ్లండులో స్థిరపడింది. నలభైఎనిమిదో ఏట కూతురూ అల్లుడూ కాలక్షేపానికని ఆమెకో కెమేరా బహుమతిగా ఇచ్చారు. మన ఇళ్ళలో ఆ వయసుకి కూతుళ్ళు అమ్మలకి ఏమిస్తారో తెలుసు కదా, మిక్సీలు! ఆవిడ బొగ్గుల కొట్టుని డార్క్‌రూమ్ చేసింది, కోళ్ళ గూడుని స్టూడియో చేసింది. మనుషుల ముఖాలు దగ్గరగా, మసక వెలుతురులో, నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసింది. వాళ్ళు ఊపిరి తీస్తారు కదా, కదిలేవారు. ఫొటోలో ఆ కదలిక సన్నటి మంచులా పడేది. అప్పటి ఫొటో పత్రికలవాళ్ళు, ఈవిడకి కెమేరా పట్టుకోవడం రాదని ఎగతాళి చేశారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. లెన్సు తిప్పుతూ తిప్పుతూ, ఎక్కడ చూపుకి అందంగా అనిపిస్తే అక్కడే ఆగేదాన్నని రాసుకుంది. ఎగతాళి చేసినవాళ్ళ పేర్లు ఇవాళ ఎవరికి గుర్తున్నాయి? ఆవిడ తీసిన ముఖాలు మాత్రం లండన్ మ్యూజియంలో ఉన్నాయి.

* * *

అయితే చీకట్లో కదిలిందల్లా కళేనా? కాదమ్మా, కాదు. ఇక్కడే మా అమ్మాయితో నాకు పేచీ.

ఆ ఇరవైనాలుగింటిలో మొదటిది బతుకమ్మ. కాలనీలో వీధిదీపం కింద, మధ్యలో తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్ళు. పూలు ఎంత నిశ్చలంగా, రేకు రేకూ విడివిడిగా ఉన్నాయో, చుట్టూ చీరలు అంతగా కలిసిపోయి ఒకే రంగుల చక్రమైపోయాయి. ఎవరి ముఖమూ ఎవరిదో తెలీదు. తెలియనక్కర్లేదు కూడా. చప్పట్లు కొట్టి తిరిగేటప్పుడు మనకే తెలీదు, ఏది మన చెయ్యో, ఏది పక్కావిడ చెయ్యో. ఆ అనుభవాన్ని అలాగే పట్టింది. ఇది మంచి ఫొటో.

ఆరోది ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా. సాయంత్రం బస్సుస్టాపులో ఓ ఉద్యోగిని టిఫిన్ క్యారియర్ సంచీతో నిలబడి ఉంది. ఎదుట బస్సులూ ఆటోలూ వెలుతురు తాళ్ళలా సాగిపోతున్నాయి. బాగుంది. కాని ఎక్కడో చూసినట్టుంది. రఘురాయ్ 1995లో బొంబాయి చర్చిగేట్ స్టేషన్లో తీసిన ఫొటో గుర్తొచ్చింది. ప్లాట్‌ఫారం మీద పేపరు చదువుకుంటున్న మనుషులు స్తంభాల్లా నిలబడితే, చుట్టూ జనం నదిలా కరిగి పారుతుంటుంది. మనమ్మాయి ఆ పాఠాన్ని తప్పులేకుండా అప్పజెప్పింది. అప్పజెప్పడం తప్పు కాదు. కాని ఆ ఉద్యోగిని ఎవరు, ఇంటికెళ్ళి ముందు ఏం చేస్తుంది అన్న కుతూహలం ఆ ఫొటో నాకు కలిగించలేదు. ఆమె అక్కడ స్తంభం బదులు నిలబడింది, అంతే.

పదకొండు నుంచి పధ్నాలుగు దాకా ఎవరిదో నిశ్చితార్థం. కావాలని కెమేరానే గిర్రున తిప్పి తీశారట. పెళ్ళికూతురూ, పూలూ, బల్బుల తోరణాలూ అన్నీ కలిసి జాతరలో రంగులరాట్నం ఎక్కినవాడి కంటికి కనబడేటట్టు ఉన్నాయి. ఇప్పుడు పెళ్ళి ఫొటోలవాళ్ళంతా ఇదే ఫ్యాషనుగా తీస్తున్నారు. ఒకటి చూస్తే సరదా. నాలుగు చూస్తే వికారం. అక్కడ కదిలింది మనుషులు కాదు, తీసేవాళ్ళ ఉత్సాహం.

పంతొమ్మిదోదాంట్లో గుమ్మం దగ్గర ఓ తల్లి బిడ్డకి గోరుముద్దలు తినిపిస్తోంది. ముద్ద స్పష్టంగా ఉంది, గిన్నె స్పష్టంగా ఉంది, తల్లి ముఖం మాత్రం చెరిపేసిన పలకలా ఉంది. "భావం ఉంది కదా ఆంటీ" అంది. "ముఖం లేకుండా భావం ఎక్కడ ఉంటుందే తల్లీ?" అన్నాను. బతుకమ్మలో ముఖాలు పోతే ఆట మిగిలింది. ఇక్కడ ముఖం పోతే ఏమీ మిగల్లేదు.

నాకు తోచిన కొలత ఇదే. ఫొటోలో ఏది కదిలిందన్నది కాదు, ఏది నిలిచిందన్నది ముందు చూడాలి. నిలిచినదానికి, కదిలినదానికి మధ్య ఏదో ఒక మాట నడవాలి. రెండూ నిలిస్తే స్టూడియో ఫొటో. రెండూ కదిలితే రంగుల కలాపి. ఒకటి నిలిచి ఒకటి కదిలి, ఆ కదిలింది మనిషి గురించి మనకి తెలిసినదాన్ని చెబితే, అప్పుడది చిత్తరువు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇరవయ్యొకటో ఫొటో ఇప్పుడా దండెం మీద లేదు. మొదటి ఆదివారం ఉంది. రాత్రి పదింటికి అంట్లు తోముకుంటున్న ఇల్లాలు, జుట్టు చెదిరి, కొంగు బొడ్లో దోపి, ఒక చెయ్యి నడుముకి, ఒక చెయ్యి నీళ్ళ కింద. చెయ్యీ నీళ్ళూ కలిసి వెండి చారైపోయాయి. ఫొటోగా చూస్తే మొదటి మూడింట్లో ఒకటి. ఆ ఇల్లాలు కూడా కాఫీకి వచ్చింది. తన ఫొటో ముందు నిలబడి, ఏమీ మాట్లాడకుండా, చేత్తో జుట్టు సవరించుకుంది. ఆ ఒక్క సైగ చాలు నాకు. చెప్పకుండా తీయడం వేరు, చెప్పకుండా వేలాడదీయడం వేరు. తీసేటప్పుడు చెబితే బిగుసుకుపోతారు, ఒప్పుకుంటాను. తీశాక చూపించి "పెట్టనా?" అని అడిగితే ఏం పోయింది? మన అలసట మనది. దాన్ని అందంగా ఉందని పదిమందికి చూపించే హక్కు మనం ఇస్తేనే వస్తుంది. అమ్మాయి అర్థం చేసుకుంది. సాయంత్రానికి తీసేసి, ఆవిడ చేతికే ఇచ్చేసింది. మిగిలిన ఇరవైమూడింట్లో ఎన్ని నిలుస్తాయంటే, ఆరు అంటాను. మొదటి ప్రయత్నానికి ఆరంటే తక్కువేం కాదు.

* * *

ఇక పదిహేడోది.

కార్తీక పౌర్ణమి సాయంత్రం. మా పెరట్లో తులసికోట. పూనాలో ఉండే మా బావగారు వచ్చి ఉన్నారు. మా అత్తయ్యగారు ఎనభైఒకటో ఏట కూడా 365 ఒత్తుల కట్ట తానే నేతిలో నానబెట్టి, తులసికోట చుట్టూ ప్రమిదలు తానే వెలిగించారు. ఎవరైనా సాయం వస్తే, "నాకింకా చేతులున్నాయి" అనేవారు.

ఆ సాయంత్రం బావగారు తన ఫోన్‌తో ఒక ఫొటో తీశారు. "అమ్మా, ఒక్క క్షణం చెయ్యి ఆపు. ఇటు చూడు." ఆవిడ ఆపారు. చూశారు. ఈ కొత్త ఫోన్లు చీకట్లో ఒక ఫొటో తీయవు, గబగబా చాలా తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కదిలిన ముక్కలు వదిలేసి, కుదురుగా ఉన్నవాటితో ఒక్క బొమ్మ చేసి ఇస్తాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది. రాత్రి ఏడు గంటలు పగలులా ఉంది. చీర అంచు తెలుస్తోంది, ముక్కుపుడక మెరుస్తోంది, తులసాకులు కూడా లెక్కపెట్టొచ్చు. అత్తయ్యగారు చేతిలో వెలుగుతున్న ఒత్తితో, ఎవరో ఇమ్మంటే పట్టుకున్నట్టు నిలబడి ఉన్నారు.

రెండు నిమిషాల తర్వాత, ఆవిడ మళ్ళీ పనిలో పడ్డాక, పక్క గోడకి మోచేతులు ఆనించి ఆ అమ్మాయి తీసింది రెండోది. సెకండులో ఎనిమిదో వంతట. ముఖం కదల్లేదు. మీరెప్పుడైనా గమనించారా, ఒత్తి వెలిగించేటప్పుడు ఎవరైనా ఊపిరి బిగబడతారు, మంట ఆరిపోతుందని. అందుకే ముఖం, చూపు, ముడిపడ్డ కనుబొమలు రాయిలా నిలిచాయి. ఫొటో కోసం కాదు, ఒత్తి కోసం. చెయ్యి మాత్రం ఒక ప్రమిద నుంచి ఇంకో ప్రమిదకి వెళుతోంది. వేళ్ళు లేవు. గాజులు లేవు. ఎరుపూ పసుపూ కలిసిన ఒక వెలుతురు వంతెన ఉంది, ఇక్కణ్ణించి అక్కడికి. పెరడంతా చీకటి. ముఖంలో సగం చీకటి.

చూడగానే మావారు అన్నమాట, "అమ్మ చెయ్యేదీ?"

గోడకి ఏ ఫొటో పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "రేపు మనవలు చూస్తే ముత్తమ్మమ్మకి చెయ్యి లేదనుకుంటారు" అన్నారు బావగారు. మా ఆడపడుచు, "అమ్మ ముఖం నిండుగా ఉండాలి వదినా, సగం చీకట్లో ఏం బాగుంటుంది?" అంది. వాళ్ళ మాట కొట్టెయ్యలేను. పోయినవాళ్ళ ముఖం పూర్తిగా కావాలనిపించడం సహజం. మసకబారిపోతుందని భయమేసేది ముఖమే కదా. ఫొటో అన్నది ఒక సాక్ష్యం కూడా. ఫలానా మనిషి ఇలా ఉండేది అని చెప్పాలి. ఆ పని ఫోన్ ఫొటో చేస్తుంది, ఈ కదిలిన ఫొటో సగమే చేస్తుంది. ఈ లోపాన్ని నేను దాచను.

కాని నా వైపు వాదన కూడా వినండి. నలభై ఏళ్ళు నేనావిడతో ఒకే వంటింట్లో మసిలాను. ఆవిడ చెయ్యి ఆగి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుతూ చిక్కుడుకాయలు ఈనె తీసేది, టీవీ చూస్తూ ఒత్తులు చేసేది, నన్ను కోప్పడుతూ నా కొడుక్కి ముద్దలు పెట్టేది. ఒక్క ఆల్బములో కూడా ఆ చెయ్యి పని చేస్తూ లేదు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, అన్నిట్లోనూ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎందుకంటే ప్రతిసారీ ఎవరో ఒకరు "కదలకండి" అన్నారు. కదిలినందుకే బతికిన మనిషిని, కదలకుండా ఉన్న క్షణాల్లోనే దాచుకున్నాం మనం. ఎనభైఒక్క ఏళ్ళలో ఎనిమిదో వంతు సెకండు ఎవరో ఆవిణ్ణి ఆపమనలేదు. ఆ ఎనిమిదో వంతే నాకు మిగిలింది.

* * *

మీకూ సరదా కలిగితే ప్రయత్నించండి. పెద్ద కెమేరా అక్కర్లేదు. ఫోన్లో ఆ రాత్రి మోడ్ అనేది కట్టెయ్యండి. ప్రో అనో మాన్యువల్ అనో ఉంటే, షట్టరు పదిహేనో వంతుకో, ఎనిమిదో వంతుకో పెట్టండి. ఫ్లాష్ వద్దు, అది అన్నిటినీ తెల్లగా సున్నం కొట్టేస్తుంది. దీపమో, గుడ్డి బల్బో, కిటికీయో మనిషికి ఎదురుగా కాకుండా పక్కన ఉండేటట్టు చూసుకోండి. గోడకో, తలుపుకో ఆనుకుని, మోచేతులు పక్కటెముకలకి అదిమిపెట్టి, ఊపిరి మెల్లగా వదులుతూ నొక్కండి. పదిసార్లు తీస్తే ఒకటి వస్తుంది. "నవ్వు" అనకండి. "ఇటు చూడు" అనకండి. పూరీలు వత్తే అమ్మని పూరీలు వత్తనివ్వండి, జడ వేసే అత్తని జడ వెయ్యనివ్వండి. తర్వాత చూపించండి. వద్దంటే, మారుమాట్లాడకుండా తీసెయ్యండి.

మా ఇంటి సంగతా? హాల్లో బావగారు తీసిన ఫొటో పెద్దది చేయించి, గంధపు దండ వేసి పెట్టాం. వచ్చినవాళ్ళంతా "ఎంత కళగా ఉన్నారో!" అంటారు. నిజమే, కళగానే ఉన్నారు. రెండోది నేను వంటింట్లో గోడకి, పోపుడబ్బా పైన, నూనె చిట్లని ఎత్తులో తగిలించుకున్నాను. అది ఎవరూ చూడరు, చూసినా ఏమిటో అర్థంకాక ఊరుకుంటారు.

పోయిన నెల బావగారు మళ్ళీ వచ్చారు. కాఫీ అడగడానికి వంటింట్లోకి వచ్చి, దాని ముందు నిలబడ్డారు. కాఫీ కలిపి ఇచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ వేడిచేసి ఇచ్చాను.

"అమ్మాయీ, ఇది అప్పుడు నేను సరిగా చూడలేదు. అమ్మ అంతే, ఆగేది కాదు," అన్నారు.

ఇంకేమీ అనలేదు. ఊరెళ్ళేరోజు మాత్రం ఆ అమ్మాయి ఇల్లు ఎక్కడని అడిగి, చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు.